'కృష్ణ' కాస్తా 'కృప' అయింది: హారర్ సినిమాకి టైటిల్స్ వేసిన నా అనుభవం

నిన్న సాయంత్రం డైరెక్టర్ గారి దగ్గర్నుంచి "టైటిల్స్ ఓకే, లాక్ చేసేయండి" అని మెసేజ్ వచ్చింది. మూడు నెలల తర్వాత రాత్రి కంటినిండా నిద్రపోయాను. ఈ పని చేయబోయేవాళ్లకి పనికొస్తుందని, అన్నీ గుర్తుండగానే రాస్తున్నాను.

పని ఒప్పుకోవడం, కథ వినడం, అడ్వాన్స్ తీసుకోవడం వారంలో అయిపోయాయి. ఏ ఇబ్బందీ రాలేదు.

సినిమా పేరు పడే కార్డు గురించి మాత్రం కొంచెం గర్వంగానే చెబుతాను. 1982లో వచ్చిన 'ది థింగ్' సినిమాలో పేరు మంటల్లోంచి చీల్చుకుని వచ్చినట్టు కనిపిస్తుంది. దాన్ని పొగ నింపిన గాజు తొట్టి, ప్లాస్టిక్ సంచి, నిప్పు పెట్టి కెమెరా ముందే తీశారు. నేనూ కంప్యూటర్ జోలికి పోకుండా గాజు పలక మీద దీపం మసి పట్టించి, సన్న కుంచెతో పేరు గీసి, పైనుంచి నీళ్లు వదిలి షూట్ చేశాను. ఆ షాట్‌ని వెనక్కి నడిపితే, కారిపోయిన మసి పైకి పాకుతూ వచ్చి అక్షరాలుగా కూడుకుంది. పదకొండో టేక్‌కి కుదిరింది. అది చూసి మ్యూజిక్ డైరెక్టర్ తన ట్రాక్‌నే మార్చుకున్నారు.

అసలు కష్టం పేర్ల దగ్గర మొదలైంది.

సినిమా పేరు ఎంత భయపెట్టినా పర్వాలేదు, అది పోస్టర్ మీద కూడా ఉంటుంది. మనిషి పేరు అలా కాదు, తెర మీద మూడు సెకన్లు ఉండి పోతుంది. ఈ తేడా నాకప్పుడు తట్టలేదు. 1995 నాటి 'సెవెన్' సినిమా టైటిల్స్‌లో డిజైనర్ కైల్ కూపర్ అక్షరాలను చేత్తో గీకి చేసిన పని అంటే నాకు పిచ్చి ఇష్టం. ఆ మోజులో మసి కార్డులో వాడిన గీతలు, వణుకు, చెరుగుడు అన్నీ పేర్ల మీదా వేసేశాను. పైగా 'ఏలియన్' సినిమాలో పేరు ముక్క ముక్కగా ఏర్పడినట్టు, ప్రతి పేరూ ఒక్కో అక్షరంగా వచ్చేలా పెట్టాను.

ఇంగ్లీషు అక్షరాలు దేనికది విడిగా నిలబడతాయి కాబట్టి అక్కడ అది చెల్లుతుంది. మన 'ష్ణ' కంటికి ఒకే అక్షరం. కంప్యూటర్‌కి మాత్రం ష, పొల్లు, ణ అని మూడు. ఒక్కో అక్షరం కదిలించమంటే ఒత్తును అక్షరం కిందనుంచి ఊడదీసి ఎటో పారేస్తుంది. ఇంగ్లీషు టైపింగ్ కోసమే చేసిన సెట్టింగులో తెలుగు పెట్టామంటే గుణింతాలు కూడా చెదిరిపోతాయి. నేను నా మానిటర్ దగ్గర కూర్చుని చూస్తున్నాను. పేర్లు నాకు ముందే తెలుసు కాబట్టి కన్ను తనంతట తానే పూర్తి చేసుకుంది.

ప్రివ్యూకి ముప్పై మంది దాకా వచ్చారు. టైటిల్స్ మొదలయ్యాయి. కెమెరామన్ గారి కార్డు పడగానే డైరెక్టర్ గారు బొమ్మ ఆపించి, నన్ను లేవమని, "అక్కడ ఏముందో పైకి చదవండి" అన్నారు. కెమెరామన్ గారి పేరు చివర 'కృష్ణ' ఉంటుంది. తెర మీద ణ ఒత్తు ఊడి కింది అంచు దాకా జారింది. ష కడుపులోని చిన్న గీతను నా గీకుడు తినేసింది. ఆ గీత పోతే ష కాస్తా ప అవుతుంది. వట్రసుడి మాత్రం చెక్కుచెదరలేదు. నేను చదివాను, "కృప" అని. థియేటరంతా నవ్వింది. కెమెరామన్ గారు నవ్వలేదు. అరవై రాత్రులు చీకట్లో పనిచేసిన మనిషి ఆయన. ఒక్కసారి తెరవైపు చూసి తల దించుకున్నారు. ప్రొడక్షన్ మేనేజర్ మాత్రం "తెలుగు రానివాడికి ఇస్తే ఇంతే" అని అందరికీ వినపడేలా అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుతోంది.

ఆ మేనేజర్ గురించి చెప్పకపోతే అన్యాయం. పేర్ల జాబితా మూడుసార్లు పంపాడు. మొదటిది కాగితానికి తీసిన ఫొటో. రెండోది పాత డీటీపీ ఫాంట్‌లో టైప్ చేసింది, యూనికోడ్‌లోకి (ఏ కంప్యూటర్లోనైనా ఒకేలా చదవగలిగే పద్ధతి) తెస్తే అర్థంకాని గుర్తులు తప్ప ఏమీ మిగల్లేదు. మూడోదానిలో రచయితలిద్దరి పేర్ల మధ్య '&' పెట్టాడు. హాలీవుడ్ రచయితల సంఘం లెక్కలో ఆ గుర్తుకు అర్థం, ఇద్దరూ జట్టుగా రాశారని. విడివిడిగా రాసినవాళ్లయితే 'అండ్' అని పూర్తిగా వేస్తారు. మన దగ్గర ఆ నియమం లేకపోయినా, ఎవరి పేరు ముందు, ఎవరిది వెనక, ఎవరికి విడి కార్డు అనేది లిఖితంగా లేకుండా పని మొదలుపెట్టకండి. ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు.

ఆ రాత్రి ఇంటికొచ్చి ఫ్రేములు లెక్కపెట్టాను. కార్డుకి మూడు సెకన్లు, అంటే 72 ఫ్రేములు. పేరు రావడానికి 40, చెదిరిపోవడానికి 14. కదలకుండా నిలబడింది 18 ఫ్రేములు, సెకను కూడా కాదు! 'సైకో' సినిమా టైటిల్స్ మళ్లీ పెట్టుకుని చూశాను. 1960లోనే దాని డిజైనర్ సాల్ బాస్ అక్షరాలను అడ్డంగా కోశాడు, కానీ ఆ ముక్కలు ఒకచోటికి చేరి, పేరు నిలిచి, చదివాకే విడిపోతాయి. 'ది షైనింగ్' సినిమాలో అయితే లేత నీలం రంగులో మామూలు హెల్వెటికా ఫాంట్ అక్షరాలు, ఏ వేషమూ లేకుండా కింద నుంచి పైకి వెళ్తాయి. భయం మొత్తం వాటి వెనక కనిపించే కొండ దారిలోనూ సంగీతంలోనూ ఉంటుంది.

అన్ని పేర్లూ మళ్లీ చేశాను. ముందుగా ప్రతి పేరునూ యూనికోడ్‌లో సరిచూసుకుని, అవుట్‌లైన్ గీతలుగా మార్చి, అక్షరాన్ని ఒత్తుతో సహా ఒకే ముక్కగా కట్టేశాను. ద, ధ, థ, ప, ష ఉన్నచోట చెరుగుడు పూర్తిగా తీసేశాను. రావడానికి 14, పోవడానికి 10, నిలబడటానికి 48 ఫ్రేములు. నలుపు మీద ఎరుపు కూడా మానేశాను. వీడియోని కుదించినప్పుడు రంగు వివరం తగ్గిపోయి ఎర్ర అక్షరాల అంచులు అలుక్కుపోతాయి. మసక తెలుపు వేసి, వణుకును పేరు వెనకున్న గోడకి ఇచ్చాను. నిజానికి ఇప్పుడే ఎక్కువ భయం వేస్తోంది.

రెండో ప్రివ్యూలో కెమెరామన్ గారి పక్కనే కూర్చున్నాను. ఆయన కార్డు పడింది. పెదవులు కదిపి లోపలే చదువుకున్నారు. చదవడం అయ్యాక కూడా పేరు ఇంకాసేపు తెర మీదే ఉంది.

ఎండ్ టైటిల్స్ ఇంకా మిగిలే ఉన్నాయి, రెండు వందలకు పైగా పేర్లు. ఎవరి పేరు వాళ్లు చేత్తో రాసి, పక్కన సంతకం పెట్టిన కాగితాలు వస్తేనే మొదలుపెడతానని మేనేజర్‌కి పొద్దున్నే చెప్పేశాను.