గరికా, తీతువు గుడ్లూ

మాఘం వెళ్ళిపోతోంది. మూడు రోజులుగా మా ఊరి జూనియర్ కాలేజీ మైదానంలో చిల్లులు పొడుస్తున్నాం. “పచ్చగా ఉన్న నేలను ఎందుకండీ పొడవడం?” అని కాలువగట్టు మీద పోయేవాళ్ళు ఆగి మరీ అడుగుతున్నారు.

హైదరాబాద్‌లో ఒక గోల్ఫ్ మైదానంలో పదకొండేళ్ళు గడ్డి పని చేసి కోనసీమకు తిరిగొచ్చాను. అక్కడ బంతి దొర్లే గ్రీన్ మీద గడ్డి మూడు, నాలుగు మిల్లీమీటర్లు మించకూడదు. ఇంతా చేసి, బెర్ముడా అని గొప్పగా పిలిచే ఆ గడ్డి మన గరిక జాతే. వినాయక చవితికి మా అమ్మ పెరట్లో గిల్లుకొచ్చేదానికి అక్కడ జీతగాళ్ళు, యంత్రాలు!

చలి తగ్గి గరిక మళ్ళీ పాకే వేళకు నేల గుల్లబారి ఉండాలి. ఇక్కడ ఇంకో తొందర కూడా ఉంది. వేసవిలో కాలువలు కట్టేస్తారు. ఆలోపు వేరు లోతుకు దిగకపోతే వైశాఖానికి మైదానమంతా నెర్రెలే. మాది బంకమట్టి. తడిస్తే చెప్పును వదలదు, ఎండితే గునపాన్ని దిగనివ్వదు.

మొదటి ఏడాది అన్నీ తెలిసినవాడిలా నాలుగు ట్రాక్టర్ల ఇసుక తెప్పించి పైన పరిపించాను. వాన పడగానే నీరు బంకలోకి ఇంకక ఇసుకలోనే నిలిచిపోయింది. పిల్లలు జారి పడ్డారు. ప్రిన్సిపాల్ గారు ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది. మంచి గ్రీన్ కింద అడుగు మందాన ఇసుకే ఉంటుందన్న సంగతి నేనే మరిచిపోయాను. బంకనేలలో ముందు చిల్లు, ఆ తరువాతే ఇసుక. ఇప్పుడు వెల్డింగ్ షాపులో ఇనుప చట్రానికి ఆరు గొట్టాలు అతికించుకుని కాలితో తొక్కుతున్నాం. లేపిన ప్రతిసారీ మట్టి కాకినాడ గొట్టం కాజాల్లా జారిపడుతుంది. వాటిని ఏరేసి, పొడి ఇసుకను ఈనెల చీపురుతో చిల్లుల్లోకి ఊడుస్తాం. తుంగ గురించి అడగకండి. పైన పీకితే కింద గడ్డ నవ్వుతూ ఉంటుంది.

గోల్ఫ్ దగ్గర నేర్చుకున్న మరో సంగతి, ఆటకు అక్కరలేని అంచులను కోయకుండా వదిలేయడం. మురుగు కాలువ వెంట ఐదు గజాలు అలా వదిలాను. పాములు చేరతాయని గొడవైంది. నడకదారి వైపు కోసేసి రాజీపడ్డాను. ఎలుకల కోసం కొబ్బరిచెట్టుకు గుడ్లగూబ పెట్టె కట్టాను. తమలపాకులాంటి తెల్లని ముఖంతో ఉండే గూబ వస్తుందని ఆశ. ప్రస్తుతానికి గోరింకలు కాపురం పెట్టాయి.

నిరుడు మార్చిలో మాత్రం పిలవని చుట్టం వచ్చింది. మిడ్ వికెట్ దగ్గర, నాలుగు గులకరాళ్ళ మధ్య తీతువు నాలుగు గుడ్లు పెట్టింది. మట్టి రంగు మీద నల్లని మచ్చలు, సన్నని కొనలన్నీ లోపలికి. అడుగు దూరంలో నిలబడీ వాటిని మళ్ళీ వెతుక్కోవలసి వచ్చింది. “ఆ పిట్ట కూత మంచిది కాదు, తోలెయ్యి నాన్నా” అంది అమ్మ. నేను నాలుగు కర్రలు పాతి తాడు కట్టాను. ఎండ ముదిరాక అది కాలువకు వెళ్ళి పొట్ట ఈకలు తడుపుకొచ్చి గుడ్ల మీద కూర్చునేది. దాదాపు నెల రోజులు అదే పని. తాడు లోపల బంతి పడితే రెండు పరుగులే అని పిల్లలు రూలు పెట్టుకున్నారు. ఆ వంకతో అటే కొట్టినవాళ్ళూ ఉన్నారు.

నిన్న సాయంత్రం రోలరు ఆపి టీ తాగుతుంటే కొబ్బరితోట మీదుగా మళ్ళీ ఆ కూత వినిపించింది. అమ్మకు ఇంకా చెప్పలేదు. పాత కర్రలు పంపు షెడ్డులోనే ఉన్నాయి, ఒకదానికి మాత్రం చెద పట్టింది.