పార్కు వెబ్‌సైట్ తెరిచే ముందు టేపు తీయండి

సాహసం ఇష్టపడే కుటుంబాలు వేసవికి రైడ్లుండే అమ్యూజ్‌మెంట్ పార్కు వెతికేటప్పుడు దాదాపు అందరూ ఒకే చోట బోల్తా పడతారు. అన్నిటికంటే ఎత్తయిన రైడ్ ఎక్కడుందో చూస్తారు, అక్కడికే టికెట్లు కొనేస్తారు. తీరా గేటు దాటాక చూస్తే ఆ రైడ్ ఎక్కేంత పొడుగు చిన్నదానికి లేదు, పెద్దాయన నడుము ఒప్పుకోదు, క్యూ చాంతాడంత ఉంది. ఇంట్లో ఒకరో ఇద్దరో ఎక్కుతారు, మిగతావాళ్ళు బెంచీ మీద బ్యాగులకి కాపలా. అందుకే పార్కుని వేరే కొలతతో చూడమంటాం: మీలో అందరికంటే పొట్టివాళ్ళు, అందరికంటే భయస్తులు ఆ ఒక్క రోజులో ఎన్నిసార్లు సీట్లో కూర్చోగలరు? ఇది ఇంట్లో కూర్చుని లెక్కకట్టగలిగిన సంగతే.

మొదటి పని ఎత్తు కొలవడం. చెప్పులు విప్పించి, మడమలు గోడకి ఆనించి, తల మీద గట్టి అట్ట అడ్డంగా పెట్టి పెన్సిల్‌తో గీత గీయండి. ఒకసారి పొద్దున లేవగానే, ఒకసారి రాత్రి పడుకునే ముందు. రోజంతా నిలబడి తిరిగితే వెన్నెముక కాస్త కుదించుకుని సెంటీమీటరు దాకా తేడా వస్తుంది. పార్కు పెట్టిన కనీస ఎత్తు గీత మీద సరిగ్గా ఉన్న పిల్లలకి ఆ సెంటీమీటరే అంతా. గేటు దగ్గర ఒకసారి కొలిచి రంగు పట్టీ కట్టే పార్కయితే పొద్దున్నే కట్టించేసుకోండి. సాయంత్రం రైడ్ దగ్గర మళ్ళీ కొలత కర్ర పక్కన నిలబెట్టి వెనక్కి పంపే అవకాశం తగ్గుతుంది.

బూట్లలో అట్టలు, గుడ్డలు కుక్కి గీత దాటించే తెలివి మాత్రం వద్దు. ఆ గీత కేవలం పొడుగు చూసి పెట్టింది కాదు. తొడల మీదికి వచ్చే కడ్డీ ఎక్కడ ఆగాలో, భుజాల మీది పట్టీ ఎక్కడ కూర్చోవాలో ఒక కనీస శరీర కొలత అనుకుని సీటు తయారుచేస్తారు. అంతకంటే చిన్న పిల్ల కూర్చుంటే కడ్డీకి, తొడకి మధ్య సందు మిగిలిపోతుంది. రోలర్ కోస్టర్ (పట్టాల మీద గుట్టలెక్కి దిగే రైలు రైడ్) గుట్ట దాటేటప్పుడు ఒళ్ళు పైకి లేచేది ఆ సందులోంచే.

రైడ్ ఎంత ఎత్తుగా ఉంటే పిల్లలకి అంత ఎక్కువ పొడుగు కావాలనుకోవడం పెద్ద భ్రమ. అమెరికాలోని సీడర్ పాయింట్ పార్కులో 2000లో వచ్చిన మిలీనియం ఫోర్స్ కోస్టర్ 94 మీటర్ల ఎత్తు, గంటకి 150 కిలోమీటర్ల వేగం. దానికి 122 సెంటీమీటర్ల పిల్లలు చాలు. ఇంగ్లండ్‌లోని ఆల్టన్ టవర్స్‌లో ఉన్న స్మైలర్ ఎత్తు 30 మీటర్లే, కానీ 14 సార్లు తలకిందులు చేస్తుంది, 140 సెంటీమీటర్లు ఉంటేనే ఎక్కనిస్తారు. ఒకే పార్కులోనూ తేడాలుంటాయి. సీడర్ పాయింట్‌లోనే స్టీల్ వెంజెన్స్‌కి 132 కావాలి. అంటే 125 సెంటీమీటర్ల పిల్ల 94 మీటర్ల కొండ దిగగలదు కానీ అంతకంటే ముప్ఫై మీటర్లు తక్కువున్న స్టీల్ వెంజెన్స్ గేటు దగ్గర ఆగిపోతుంది. కొన్ని చోట్ల పొడుగుతో పాటు వయసూ చూస్తారు. జర్మనీ యూరోపా పార్క్‌లోని సిల్వర్ స్టార్‌కి 140 సెంటీమీటర్లతో పాటు 11 ఏళ్ళు నిండాలి.

అందుకని కాగితం మీద ఒక పట్టిక గీయండి. అడ్డంగా ఇంట్లోవాళ్ళ పేర్లు, నిలువుగా పార్కులోని పెద్ద రైడ్లు. ఎక్కగలిగిన చోట టిక్కు, కుదరని చోట ఇంటూ. ఏ పార్కులో ఏ కోస్టర్లున్నాయో, ఎవరు తయారుచేశారో, ఎత్తెంతో, ఏడాదేదో రోలర్ కోస్టర్ డేటాబేస్ సైట్‌లో దొరుకుతాయి. పొడుగు నిబంధనలు మాత్రం పార్కు సొంత సైట్‌లోనే చూసుకోండి, మారుతుంటాయి. రెండు మూడు పార్కులకి ఇలా గీస్తే తేలిపోతుంది. ఇరవై కోస్టర్లున్న పార్కులో మీ అందరికీ కలిపి ఆరే టిక్కులు రావచ్చు, పది కోస్టర్లున్న చోట ఎనిమిది రావచ్చు. ఆ ఎనిమిది వచ్చిన చోటికే వెళ్ళండి.

పెద్దవాళ్ళ కొలతలు ఎవరూ చూసుకోరు. కొన్ని రైడ్లకి పై హద్దు కూడా ఉంటుంది, 195 సెంటీమీటర్ల దగ్గర్లో. ఆజానుబాహులకి కాళ్ళు ముందు పెట్టెకి తగులుతాయి. భారీ మనుషులకి ఇబ్బంది బరువుతో కంటే ఆకారంతో వస్తుంది: భుజాల మీది పట్టీ అయితే ఛాతీ, ఒళ్ళో కడ్డీ అయితే తొడలు, పొట్ట. చాలా రైడ్ల ముందు ఒక ఖాళీ సీటు పెట్టి ఉంచుతారు, అందులో కూర్చుని చూసుకున్నాకే క్యూలో దూరండి. గంట నిలబడి, అందరూ చూస్తుండగా పట్టీ లాక్ పడక దిగి వెనక్కి నడవడం కంటే అది నయం.

ఇక ఏ రకం సాహసం అన్న ప్రశ్న. "మాకు భయమే లేదు" అనే ఇంట్లో కూడా అందరూ ఒకే దాన్ని ఇష్టపడరు. గుట్ట శిఖరం మీద సీట్లోంచి లేచిపోయి కడుపులో ఖాళీ అయినట్టుండేది ఒకటి, కోస్టర్ పిచ్చివాళ్ళు దాన్ని ఎయిర్‌టైమ్ అంటారు. స్టీల్ వెంజెన్స్‌లో అది మొత్తం 27 సెకన్లకి పైనే అని పార్కు చెప్పుకుంటుంది. లోయల్లో, గట్టి మలుపుల్లో సీటుకి అదిమేసి కళ్ళ ముందు కాసేపు మసకేసేది ఇంకొకటి. తలకిందులవడం మూడోది. నిలబడ్డ చోటి నుంచి ఒక్కసారిగా విసిరేయడం నాలుగోది: అబుదాబి ఫెరారీ వరల్డ్‌లోని ఫార్ములా రోసా అయిదు సెకన్లలోపే గంటకి 240 కిలోమీటర్లు అందుకుంటుంది, ఇసుక కళ్ళలో పడకుండా కళ్ళజోళ్ళిస్తారు. నిటారు దాటి లోపలికి వంగిన దిగుడు మరొకటి. జపాన్ ఫుజి-క్యూ హైలాండ్‌లో 2011లో మొదలైన టకబీషా ఎత్తు 43 మీటర్లే, దిగుడు మాత్రం 121 డిగ్రీలు.

గుండ్రంగా తిప్పేవి వేరే లోకం. ఎన్ని కోస్టర్లెక్కినా చలించని మనిషి రెండు నిమిషాల గిరగిరా తిరుగుడుకి పచ్చబడి చెట్టు కింద కూలబడడం మామూలే. చెవి లోపలి ద్రవం తిరుగుతూనే ఉంటుంది, కళ్ళు వేరే కబురు చెబుతాయి, కడుపు దేవుతుంది. పట్టికలో ప్రతి పేరు కింద ఇష్టమైన రకం ఒకటి, పడని రకం ఒకటి రాసుకోండి. తిరుగుడు పడనివాళ్ళని రోజు చివరికి తప్ప అటు తీసుకెళ్ళకండి. ఒకసారి కడుపు తిప్పితే మూడు గంటలు పోయినట్టే.

ఎవరూ చూడనిదీ, అన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చేదీ రైడ్ గంటకి ఎంతమందిని మోస్తుందన్నది. 32 సీట్ల రైలు నిమిషానికొకటి బయల్దేరితే గంటకి 1,920 మంది. మీ ముందు 400 మంది ఉన్నా పన్నెండు, పదమూడు నిమిషాల్లో మీ వంతు వస్తుంది. అదే 24 సీట్ల ఒక్క రైలే తిరుగుతూ, ఎక్కించడానికి, తిప్పి తేవడానికి కలిపి మూడున్నర నిమిషాలు పడితే గంటకి 410 మంది మించరు. అదే 400 మందికి గంట సేపు. క్యూ పొడవు రెండు చోట్లా ఒకటే! అందుకే క్యూ చూసి కాకుండా రైలు చూసి నిర్ణయించుకోండి. స్టేషన్ కనిపించే చోట నిలబడి, ఒక రైలు వెళ్ళాక ఇంకొకటి వెళ్ళేదాకా ఫోన్‌లో సమయం లెక్కపెట్టండి. వెనకనున్న షెడ్డులో రెండో రైలు ఖాళీగా నిలబెట్టి ఉంటే ఆ రోజు సిబ్బంది తక్కువనో, మరమ్మత్తు ఉందనో అర్థం. పార్కు ఎంచుకునేటప్పుడు కూడా, రోజుల వారీగా ఎక్కడ ఎంత సేపు ఆగాల్సి వచ్చిందో క్యూ టైమ్స్ సైట్‌లో పాత లెక్కలు చూడొచ్చు. నిరుటి వేసవిలో అదే వారం చూడండి.

పార్కు పది గంటలు తెరిచి ఉంటుందనుకుందాం. తిండికి, నీళ్ళకి, నడకకి రెండు గంటలు తీసేస్తే ఎనిమిది. సగటున 45 నిమిషాల క్యూ, ఎక్కి దిగడానికి పది నిమిషాలు అనుకుంటే ఎనిమిదో తొమ్మిదో రైడ్లు. సీడర్ పాయింట్ లాంటి చోట పదిహేను పైగా కోస్టర్లున్నాయి కదా, ఒక్క రోజులో ముగిద్దామంటే ఎక్కడవుతుంది? పెద్ద పార్కు అయితే రెండు రోజులు, లేదా క్యూ దాటించే పాస్. పాస్ కొనేముందు చిన్న అక్షరాలు చదవండి: ఒక్కో రైడ్‌కి ఒక్కసారేనా, ఎన్నిసార్లయినానా, కొత్త రైడ్‌కి పనికొస్తుందా. కొన్ని పాస్‌లు క్యూ దాటించవు, వేరే చోట తిరుగుతూ మీ వంతు కోసం ఆగమంటాయి, అంతే. మా ఓటు రెండో రోజు టికెట్‌కే. శనివారం ఒక్క రోజే కుదిరేవాళ్ళకి మాత్రం పాస్ తప్పదు. రోజు మార్చుకోగలిగితే మంగళ, బుధవారాలు చూడండి. సెలవులు మీ ఊళ్ళోవి కాదు, పార్కున్న ఊళ్ళోవి లెక్క.

పిల్లల పొడుగు చాలకపోతే పెద్దవాళ్ళిద్దరూ రెండుసార్లు క్యూ కట్టక్కర్లేదు. చాలా పార్కుల్లో ఒకరు క్యూలో నిలబడి ఎక్కి దిగాక, రెండోవాళ్ళు నిష్క్రమణ వైపు నుంచి నేరుగా వెళ్ళి ఎక్కే ఏర్పాటు ఉంటుంది. పేరు ఒక్కో చోట ఒక్కోటి. క్యూ మొదట్లో ఉన్న ఉద్యోగినే అడగండి, తీరా స్టేషన్ దాకా వెళ్ళాక అడిగితే చీటీ కోసం వెనక్కి పంపుతారు. ఒంటరివాళ్ళ క్యూ కూడా ఉంటుంది, ఎక్కడ ఒక సీటు ఖాళీ ఉంటే అక్కడ కూర్చోబెడతారు. కలిసి కూర్చోవాలన్న పట్టుదల లేని పెద్ద పిల్లలకి బంగారం.

కొత్త రైడ్ కోసమే ప్రయాణం పెట్టుకోవడం జూదం. 2024 మేలో సీడర్ పాయింట్‌లో టాప్ థ్రిల్ 2 మొదలైంది, వారం పది రోజుల్లో ఆగింది, ఆ సీజనంతా మూసే ఉంచారు. తర్వాతి ఏడాదే మళ్ళీ తెరిచారు. పాతవీ శాశ్వతం కాదు. 139 మీటర్లతో ఏళ్ళ తరబడి ప్రపంచంలోనే ఎత్తయిన కోస్టర్‌గా నిలిచిన అమెరికాలోని కింగ్డా కా 2024 చివర్లో మూతపడింది, 2025 ఫిబ్రవరిలో పేల్చి కూల్చేశారు. కొత్తదానికి కనీసం ఒక సీజన్ గడువివ్వండి. బయల్దేరే వారం ముందు పార్కు సైట్‌లో మూసిన రైడ్ల జాబితా చూడండి.

వేసవి అంటే ఎండతో పాటు సాయంత్రపు ఉరుములు కూడా. మెరుపు దగ్గర్లో కనబడితే ఎత్తయినవన్నీ ఒకేసారి ఆపేస్తారు, గట్టి గాలికి కూడా అంతే. కాబట్టి ఎత్తయినవి ముందు, కప్పు కింద ఉండే రైడ్లు మధ్యాహ్నానికి దాచుకోండి. వాన వెలిశాక మళ్ళీ మొదలుపెట్టే ముందు ఖాళీ రైళ్ళు తిప్పి చూస్తారు. ఆ ఖాళీ రైలు కనబడగానే క్యూ దగ్గరికి నడవండి, జనం తిరిగొచ్చేసరికి మీరు ముందుంటారు.

నీళ్ళ పార్కు కలిపి ఉన్న చోట దానికి వేరే రోజు కేటాయించండి. తడి బట్టలతో కోస్టర్ ఎక్కితే పట్టీ కింద తొడలు ఒరుసుకుపోతాయి. జిప్పులు, లోహపు గుండీలున్న నిక్కర్లని జారుడుల మీదికి రానివ్వరు, ఫైబర్ గీసుకుపోతుందని. కాళ్ళ కింద పలక తెరుచుకుని గొట్టంలోకి పడేసి మెలిక తిప్పే జారుడులకి కనీస బరువు ఉంటుంది, ముందే తూస్తారు. తేలికైన పిల్లలు మెలిక ఎక్కలేక వెనక్కి జారిపోతారు, అందుకే దానికి పక్కన తలుపు కూడా పెడతారు.

పొద్దున తెరిచే వేళకి ముప్పావు గంట ముందే గేటు దగ్గరుండండి. లోపలికి పరిగెత్తే జనం మొదటి పెద్ద కోస్టర్ దగ్గరే ఆగిపోతారు. మీరు దాన్ని దాటి, గంటకి తక్కువమందిని మోసే రైడ్‌కి వెళ్ళండి. అక్కడ మధ్యాహ్నం రెండు గంటలు పట్టేది అప్పుడు పది నిమిషాలే. సీట్ల సంగతి: ముందు భాగం దిగడం మొదలుపెట్టాక వెనక పెట్టెల్ని లాగేస్తుంది, కాబట్టి దిగుడులో వెనక సీటుదే గట్టి విసురు. ఎదర ఏమీ లేని శూన్యం చూడాలంటే ముందు సీటు. చెక్క కోస్టర్లలో ఇరుసు మీది సీటు ఒళ్ళు కుదిపేస్తుంది, నడుము నొప్పివాళ్ళు పెట్టె మధ్య సీటు అడగండి. గర్భిణులు, గుండె జబ్బు, మెడ నొప్పి, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్ళు మాత్రం ఏ సీటూ వద్దు.

ఎండకి చక్రాల గ్రీజు వేడెక్కి పలచబడడంతో అదే కోస్టర్ సాయంత్రం పొద్దుటికంటే వేగంగా పరిగెడుతుంది. అందరికీ బాగా నచ్చినదాన్ని చివరికి మళ్ళీ ఉంచుకోండి. చాలా పార్కుల్లో మూసే వేళలోపు క్యూలో చేరినవాళ్ళందరినీ ఎక్కించి గానీ ఆపరు. పది నిమిషాల ముందు చేరితే చాలు. లాకర్‌లో పెట్టిన సామాను మాత్రం క్యూలోకి వెళ్ళే ముందే తీసుకోండి, కొన్ని చోట్ల లాకర్ల గది రైడ్ల కంటే ముందే మూసేస్తారు.