ఎక్కడికీ పోని విమానం

నిజం విమానం ఎక్కి, దిగాక రెండు బస్సులు మారి, అంత దూరం నేను వెళ్ళింది ఎక్కడికీ పోని విమానం కోసం. తీరా వెళితే మూడు గంటలు కూర్చోబెట్టారు. నేల వదలకుండానే ఎగురుతున్నట్టు అనిపించే ఆ యంత్రాన్ని సిమ్యులేటర్ అంటారు, దాని ఆరు కాళ్ళలో ఒకటి మొరాయించిందట. రమ్మన్న మిత్రుడు ఆ ల్యాబ్‌లోనే పనిచేస్తాడు కాబట్టి పైకి విసుక్కోవడానికీ మొహమాటమే.

చివరికి హాల్లోకి తీసుకెళ్ళాడు. ఆరు లావుపాటి జాకీల మీద కిటికీల్లేని తెల్లటి డబ్బా. మేం చూస్తుండగా లోపలివాళ్ళు టేకాఫ్ మొదలుపెట్టారు. డబ్బా ఒక్క కుదుపుతో ముందుకు జరిగి, మెల్లగా ముక్కు పైకెత్తి అలాగే ఉండిపోయింది, పడకకుర్చీ వాల్చినట్టు. అంతే. ఇంతోటి దానికా ఇన్ని తిప్పలు అనుకున్నాను.

అరగంట తర్వాత అదే డబ్బాలో, పైలట్ వెనక సీట్లో బెల్టు బిగించుకుని కూర్చున్నాను. ఎదురుగా తెర మీద రన్‌వే. పైలట్ ఇంజన్ జోరు పెంచే థ్రాటిల్‌ని ముందుకు తోయగానే వీపు సీటుకి అతుక్కుపోయింది. ఇది వట్టి వాలు అని తెలుసు, ఇందాక కళ్ళారా చూశాను, అయినా ఒళ్ళు వింటేగా! ముందుకు దూసుకెళ్ళడానికీ వెనక్కి వాలడానికీ లోపలి చెవికి తేడా తెలియదట. తెర మీద నేల చదునుగా కనిపిస్తుంటే మెదడు దూసుకెళ్తున్నామనే తేల్చేసుకుంటుంది. కాకపోతే ఆ వాల్చడం ఒంటికి తెలియనంత నెమ్మదిగా జరగాలి. స్టేషన్లో పక్క రైలు కదిలితే మనదే కదిలిందనుకుని కిటికీ ఊచ పట్టుకున్న చిన్నప్పటి కంగారు గుర్తొచ్చింది. అప్పుడు మోసపోయినవి కళ్ళు మాత్రమే.

ఆ రోజు పరీక్ష లాండింగ్ మీద. పైలట్ వేల గంటలు ఎగిరిన కెప్టెన్ గారు. నాలుగుసార్లు సాఫీగా దించారు. ఐదోసారి నేల దగ్గరపడగానే ముక్కు పైకి, కిందికి, మళ్ళీ పైకి. ఆవిడ సరిచేసే కొద్దీ ఊగిసలాట పెరిగింది. నాకు కడుపులో తిప్పింది. చక్రాలు ధడేల్మని తగిలాయి.

“సారీ, నాదే పొరపాటు” అన్నారావిడ.

ఇయర్‌ఫోన్లో మావాడి గొంతు: “మీకు కాదండీ, విమానానికి మార్కు వెయ్యండి.”

ఆ మార్కుల పద్ధతిని కూపర్-హార్పర్ స్కేల్ అంటారు, 1969 నాటిది. 1 అంటే భేష్, 10 అంటే అదుపు తప్పినట్టే. మన పరీక్షలకి తిరగేసిన లెక్క. విమానం లోపాన్ని సర్దుకురావడానికి పైలట్ ఎంత తంటాలు పడ్డారన్నదే అక్కడ ప్రశ్న. ఆవిడ కాసేపు ఆలోచించి “ఏడు” అన్నారు. ముందు నాలుగింటికీ వేసింది మూడు.

అప్పుడు చెప్పాడు, ఐదోసారి పైలట్ చేతిలోని స్టిక్ కదలికకీ విమానం స్పందనకీ మధ్య సెకనులో ఐదో వంతు ఆలస్యం అదనంగా కలిపానని! ఆవిడ నవ్వలేదు. నాకూ ఒళ్ళు మండింది, చెయ్యని తప్పుకి సారీ చెప్పించాడని. ముందే చెబితే చెయ్యి జాగ్రత్తపడిపోతుంది, ఇక పరీక్షించేదేముంది అన్నాడు.

1977 అక్టోబర్ 26న అమెరికాలోని ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరంలో, నాసా పరీక్షల కోసం కట్టిన ఎంటర్‌ప్రైజ్ అనే స్పేస్ షటిల్‌ని దించుతూ వ్యోమగామి ఫ్రెడ్ హేజ్ ఇలాంటి ఊగిసలాటలోనే చిక్కుకున్నాడు. కంట్రోల్ వ్యవస్థలోని ఆలస్యం దానికొక కారణం. తర్వాత దాన్ని అణిచే ఫిల్టర్ ఒకటి షటిల్‌లో పెట్టారు. దారిలో దెబ్బతిన్న అపోలో 13 నౌకలో చంద్రుణ్ణి చుట్టి ప్రాణాలతో తిరిగొచ్చిన మనిషికి చేతకాలేదని ఎవరనగలరు?

బస్టాప్‌లో నిలబడితే నేల ఇంకా ఊగుతూనే ఉంది. మొదటి బస్సు వదిలేసి బెంచీ మీద కూర్చున్నాను.

మర్నాడు తిరుగు ప్రయాణంలో విమానం రన్‌వే మీద పరుగందుకోగానే కావాలని కళ్ళు మూసుకున్నాను. ముక్కు లేచింది, వెనక్కి వాలిపోతున్నాను, గాల్లో ఉన్నాం అనిపించింది. కళ్ళు తెరిచి కిటికీలోంచి చూస్తే చక్రాలు ఇంకా నేలమీదే పరుగెడుతున్నాయి.