ఆరోగ్యపచ్చ చూపించని కాణి

కేరళలోని అగస్త్యకూడం కొండకి ఎందుకు వెళ్తున్నావని అడిగినవాళ్ళకి ట్రెక్కింగ్ అని చెప్పాను. అసలు సంగతి వేరు. ఆరోగ్యపచ్చ అనే మొక్కని అది పుట్టిన చోటే చూడాలి, ఒక ఫోటో తీసుకోవాలి. అంతే.

దాని కథ చదివినప్పటి నుంచి ఈ పిచ్చి పట్టుకుంది. 1987లో వృక్షశాస్త్రవేత్త డాక్టర్ పుష్పాంగదన్ బృందం సర్వే కోసం ఈ కొండల్లో తిరుగుతుంటే, దారి చూపే కాణి గిరిజనులు ఏవో నల్లటి చిన్న కాయలు నములుతూ అలుపు లేకుండా నడిచారట. రొప్పుతూ వెనకబడ్డ శాస్త్రవేత్తలకీ పెట్టారు. తిన్నాక వీళ్ళకీ ఓపిక వచ్చింది. ఏ మొక్క అని అడిగితే మాత్రం ఒక పట్టాన చెప్పలేదు. చివరికి చెప్పారు. ఆ ఆకుకి అశ్వగంధ, పిప్పలి, విష్ణుక్రాంత కలిపి పాలోడ్‌లోని బొటానిక్ గార్డెన్ వాళ్ళు ‘జీవని’ అనే మందు చేశారు. ఒక ఆయుర్వేద కంపెనీకి 10 లక్షల ఫీజు, అమ్మకాల మీద 2 శాతం రాయల్టీ లెక్కన హక్కులిచ్చి, అందులో సగం కాణులకి అన్నారు. 1997లో కాణుల ట్రస్టు రిజిస్టరైంది. అడవి తెలివికి వాటా ఇచ్చిన తొలి ఒప్పందాల్లో ఇదొకటని ప్రపంచమంతా చెప్పుకుంది.

తిరువనంతపురంలో చీకటితో బస్సెక్కితే బోనకాడ్. అక్కడ సంచులు సోదా చేసి, పది మందికి ఒక గైడుని ఇచ్చారు. మా గైడు కాణి, యాభై దాటి ఉంటాయి. నేను ఆయన్ని చేట్టా, అంటే అన్నా, అని పిలిచాను, ఆయన నన్ను సారే అన్నాడు. నా అరకొర తమిళం, ఆయన మలయాళం కలిసి ఎలాగో నడిచాయి.

లోపలికి వెళ్ళేకొద్దీ మిట్టమధ్యాహ్నమే మునిమాపులా అయింది. కుళ్ళిన ఆకుల వాసన, చెవులు దిమ్మెక్కించే కీచురాళ్ళు. నా మడమ పైన జలగ పట్టింది. చేట్టా వక్కాకు సంచిలోంచి వేలికొసన సున్నం తీసి అద్దితే రాలిపోయింది. మా గుంపులో ఒక కుర్రాడు నడుస్తూ నడుస్తూ పక్కనున్న పొదలోంచి ఆకు తెంపాడు. చేట్టా ఆగి, “దాని పేరేంటి?” అన్నాడు. తెలీదన్నాడు కుర్రాడు. “మరి ఎందుకు కోశావు?” కోపమేమీ లేదు, నిజంగానే అడుగుతున్నట్టు అడిగాడు. పాపం, ఆ ఆకు పారేయలేక, జేబులో పెట్టుకోలేక, తర్వాతి వాగు దాకా చేత్తో పట్టుకునే నడిచాడు.

అట్టయార్ వాగు దగ్గర కూర్చున్నాం. నేను బ్యాగు దించబోతే చేట్టా చెయ్యి అడ్డం పెట్టి “అక్కడ కాదు, రాయి మీద పెట్టండి” అన్నాడు. ఇదే సందని నా మొక్క సంగతి కదిపాను. నవ్వాడు.

“పాలోడ్‌లో ఉంది కదా, బోర్డు కూడా రాసి పెట్టారు. అక్కడ చూడండి సారే.”

ఊరుకోవచ్చు కదా! జేబులోంచి అయిదు వందల నోటు తీశాను. ఆయన దానివైపు చూడనైనా చూడలేదు. వాగులో చేతులు కడుక్కుని లేచాడు. ఆ తర్వాత గంటసేపు నాకు ఆయన వీపే కనిపించింది.

నడుస్తూ లెక్కేసుకున్నాను. మందుకి గిరాకీ వచ్చాక బయటివాళ్ళు ఈ మొక్కని వేళ్ళతో పీక్కుపోయారు. కాణులు తాము పెంచి అమ్ముతామంటే అటవీ అనుమతుల చిక్కులు. అసలు 1995లోనే 9 మంది ప్లాత్తులు, అంటే కాణుల్లో వైద్యం చేసే పెద్దలు, మా విద్యని కంపెనీలకి అమ్మొద్దని ముఖ్యమంత్రికి ఉత్తరం రాశారు. ఇవన్నీ చదివే వచ్చాను నేను. చదివి కూడా నోటు తీశాను.

మా ఊళ్ళో కామెర్లకి పసరు పోసే ముసలాయన ఆకు పేరు చెప్పేవాడు కాదు, చెబితే మందు పనిచెయ్యదనేవాడు. చీకటి పడ్డాక చెట్టు ముట్టుకుంటే మా నాయనమ్మ కసిరేది, అది నిద్రపోతోందని. రెండూ చాదస్తమే అనుకున్నాను అప్పట్లో.

రాత్రి అతిరుమల క్యాంపులో వేడి గంజి, పెసలు. మర్నాడు 1,868 మీటర్ల శిఖరం. దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు, పైనంతా మబ్బు. అగస్త్యుడి విగ్రహం ముందు చేట్టా కాసేపు చేతులు జోడించి నిలబడ్డాడు. దిగేటప్పుడు మళ్ళీ మామూలుగానే మాట్లాడాడు, మా పిల్లల చదువుల గురించి అడిగాడు.

తిరుగు ప్రయాణంలో పాలోడ్ వెళ్ళాను. నీడలో, జానెడు ఎత్తున, హృదయాకారపు ఆకులతో నేలనంటుకుని ఉంది. పక్కన బోర్డు. పది ఫోటోలు తీశాను.

బస్సులో ఫోన్ తిరగేస్తుంటే అట్టయార్ ఒడ్డున ఎవరో తీసిన ఫోటో వచ్చింది. నేను బ్యాగు పట్టుకుని వంగి ఉన్నాను, చేట్టా చెయ్యి అడ్డంగా ఉంది. ఆ చేతి కింద, నేలని ఆనుకుని ఏవో ఆకులు. జూమ్ చేసి చూశాను. మసగ్గా ఉంది.