బాబాయ్ చెరువు, ధ్రువాల నాచు

ఆదివారం, కాట్రేనికోన

వారమంతా ముసురు పట్టి ఇవాళే కాస్త ఎండ కాసింది. పొద్దున్నే బాబాయ్ ఫోను. "అమ్మాయ్, నీళ్ల రంగు తిరిగిపోయిందే, ఓసారి రా." కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను కాబట్టి రొయ్యల చెరువు వైద్యం కూడా నాకొచ్చని ఆయన నమ్మకం. కాదన్నా వినడు.

వెళ్లేసరికి నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లన్నీ హోరెత్తుతున్నాయి. మొన్నటిదాకా లేతాకుపచ్చగా ఉన్న నీళ్లు గోధుమరంగుకి దిగిపోయాయి. గాలివాటున ఓ మూలకి నురగ, దాంట్లో చచ్చిన నాచు తెట్టు. ఎండ లేక ప్లాంక్టన్, అంటే నీళ్లలో తేలే సన్న నాచు, ఒక్కసారిగా పడిపోయింది, అది కుళ్లుతూ నీళ్లలో ఆక్సిజన్ లాగేస్తోంది. చెక్ ట్రే పైకి లాగితే వేసిన మేత వేసినట్టే ఉంది. చెరువు చూసే అతను అడుగు మట్టి కాస్త కర్రతో తీసి నా ముక్కు ముందు పెట్టాడు. నల్లటి బురద, కుళ్లిన గుడ్డు కంపు. "ఆయ్, గ్యాసు పట్టేసిందండి" అన్నాడు. ఆ గ్యాసు హైడ్రోజన్ సల్ఫైడ్, గంధకం (సల్ఫర్) సరుకే. గాలి ఆడని అడుగున బ్యాక్టీరియా సల్ఫేట్‌ను వాడుకుని వదిలే విషం.

మేత ఆపేసి, ఏరియేటర్లు ఆగకుండా చూసుకోవడం తప్ప అప్పటికప్పుడు చేయగలిగింది లేదు. బాబాయ్ టెన్షన్‌గా గట్టు మీద అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఆయన్ని కూర్చోబెట్టడానికి, రాత్రి నేను చదువుకున్న ఇంకో గంధకం కబురు ఎత్తుకున్నాను.

ధ్రువ సముద్రాల్లో నీళ్లు గడ్డకట్టేటప్పుడు ఉప్పు గడ్డలో ఇమడదు. మంచులోని సన్నటి సందుల్లో చిక్కటి ఉప్పునీరుగా మిగులుతుంది. మైనస్ 10 డిగ్రీల దగ్గర ఆ నీరు మామూలు సముద్రపు నీటికి సుమారు 4 రెట్లు ఉప్పన. కొన్ని నాచు కణాలు చలికాలమంతా ఉండేది ఆ సందుల్లోనే. బయటి ఉప్పు లోపలి నీటిని పీల్చేయకుండా, చలికి కణం పాడవకుండా అవి ఒక గంధక పదార్థాన్ని ఒంట్లో దట్టంగా నింపుకుంటాయి. పేరు డీఎంఎస్‌పీ. పూర్తి పేరు చెప్తే బాబాయ్ లేచిపోతాడని చెప్పలేదు.

"మరి మంచు కరిగితే?" అన్నాడు. సెలినిటీతో, అంటే నీళ్ల ఉప్పదనంతో, రోజూ కుస్తీ పట్టే మనిషి కదా, అసలు ప్రశ్న ఆయనకే తట్టింది.

కరిగితే ఒక్కసారిగా మంచినీళ్లలో పడ్డట్టే. అప్పుడు కణాలు ఆ సరుకును బయటికి వదిలేస్తాయి. క్రిల్ (రొయ్యలాంటి చిన్న సముద్రజీవి) లాంటివి నాచును నమిలినా, వైరస్ సోకి కణం పగిలినా అంతే. దాన్ని ఎంజైములు విరిస్తే వచ్చేది డైమిథైల్ సల్ఫైడ్. సముద్రం వాసనలోనూ, ఉడికే క్యాబేజీ కంపులోనూ ఉండేది ఇదే. ఇది 37 డిగ్రీలకే మరుగుతుంది, అంటే మన మే నెల మధ్యాహ్నం సీసా మూత తీస్తే చాలు! అంటార్కిటికాలో రాస్ సముద్రం దీనికి పేరుమోసిన చోటు. అక్కడ వేసవి మొదట్లో ఫియోసిస్టిస్ అనే నాచు జిగురు ముద్దలుగా విపరీతంగా పెరుగుతుంది.

తయారైన దాంట్లో ఎక్కువ భాగం నీళ్లలోనే బ్యాక్టీరియా పాలు. గాలిలోకి చేరిన కొద్దిపాటిదే సల్ఫేట్ నలకలుగా మారి, వాటి చుట్టూ మబ్బు చినుకులు కడతాయి. 1987లో చార్ల్‌సన్, లవ్‌లాక్, ఆండ్రియే, వారెన్ దీన్నుంచి పెద్ద సిద్ధాంతమే కట్టారు: సముద్రం వేడెక్కితే నాచు ఎక్కువ గంధకం వదులుతుంది, మబ్బులు పెరుగుతాయి, ఎండ తగ్గి సముద్రం చల్లబడుతుంది అని. వినడానికి ఎంత ముచ్చటగా ఉందో నాకు అంత అనుమానం. మబ్బు నలకలు సముద్రపు ఉప్పు తుంపర నుంచీ వస్తాయి, ఇంకా వేరే దారులూ ఉన్నాయని 2011లో క్విన్, బేట్స్ గట్టిగానే వాదించారు. పైగా నాచు ఇదంతా చేసేది తన ప్రాణం కోసం, మన ఎండ కోసం కాదు. అయితే ధ్రువాల గాలిలో నలకలు తక్కువ కాబట్టి అక్కడ దీని ప్రభావాన్ని కొట్టిపారేయలేం. పొగా దుమ్మూ నిండిన మన గాలిలో దీని వాటా ఎవడికి కనబడుతుంది?

బాబాయ్‌కి మబ్బులు పట్టలేదు కానీ పక్షుల సంగతి బాగా పట్టింది. అంటార్కిటికా సముద్రాల్లో కొన్ని పెట్రెల్ పక్షులు ఈ వాసన పట్టుకునే మేతకి చేరతాయని 1995లో గాబ్రియెల్ నెవిట్ వాళ్లు చూపించారు. నాచు దగ్గర క్రిల్ ఉంటుంది కదా. "మన చెరువు మీద వాలే నీటికాకులూ అంతేనా?" అన్నాడు. కాదు, వాటికి చూపే ఆధారం అన్నాను. "ఏదైతేనేం, పొద్దున్నుంచీ ఒక్కటీ రాలేదు" అని కాస్త స్థిమితపడ్డాడు. రొయ్య పైకి తేలుతుంటే ముందు వచ్చి వాలేవి అవే మరి.

ఇంటికొచ్చి భోంచేశాక ఇంకో ముక్క చదివాను. ఈ వాయువు గాలిలో మారేటప్పుడు మీథేన్ సల్ఫోనిక్ ఆమ్లం కూడా పుట్టి, మంచుతో పాటు నేల మీద పేరుకుంటుంది. తూర్పు అంటార్కిటికాలో లా డోమ్ అనే చోట తవ్వి తీసిన మంచులో దాన్ని కొలిచి, ఆ కొలతనే సముద్రపు మంచుకి గుర్తుగా పట్టుకుని, ఆ వైపు సముద్రపు మంచు 1950ల నుంచి సుమారు 20 శాతం తగ్గిందని 2003లో లెక్క తేల్చారు. శాటిలైట్లు లేని 1841 దాకా వెనక్కి వెళ్లారు.

రేపు ఫస్టియర్ వాళ్లకి సల్ఫర్ పాఠం. సిలబస్‌లో లేకపోయినా ఇది చెప్పాలి.