కాటా మీద బటన్

మా చికెన్ షాపులో కొన్నవాళ్లలో కొందరికి వాంతులు, విరేచనాలు, జ్వరం వచ్చాయంటూ ఫుడ్ సేఫ్టీ వాళ్లు వచ్చినప్పుడు, నిజం చెప్పాలంటే నాకు భయం కన్నా రోషమే ఎక్కువ వచ్చింది. కత్తులూ చెక్క మొద్దూ రోజూ వేడినీళ్లతో కడిగేది నేనే మరి.

వాళ్లు కత్తుల దగ్గర ఎక్కువసేపు ఆగలేదు. కాటా బటన్లు, ఫ్రిజ్ హ్యాండిల్, కుళాయి పిడి, నా భుజం మీది గుడ్డ... దూదిపుల్లతో రుద్ది గొట్టాల్లో పెట్టుకున్నారు. కాటాని నేను దగ్గరగా చూసింది అప్పుడే. సున్నా బటన్ చుట్టూ సందులో నల్లటి జిగురు. పచ్చి చికెన్ కోసిన చేత్తోనే అది నొక్కేవాణ్ని, మళ్లీ అదే నొక్కి వండిన ముక్కలు తూచేవాణ్ని. పచ్చిదాని మీది బ్యాక్టీరియా ఇంట్లో బాగా ఉడికిస్తే చస్తుంది. వండినదానికి అంటితే నేరుగా నోట్లోకే. ఇన్నేళ్లు కౌంటర్లో నిలబడ్డా ఈ చిన్న లెక్క నాకు తట్టలేదు.

2005లో బ్రిటన్‌లోని సౌత్ వేల్స్‌లో 150 మందికి పైగా, వాళ్లలో ఎక్కువగా బడిపిల్లలే, ఈ.కోలై అనే బ్యాక్టీరియా బారిన పడ్డారట. ఒక బాబు చనిపోయాడు. ఆ మాంసం పంపిన చోట పచ్చిదానికీ వండినదానికీ ఒకటే ప్యాకింగ్ మెషీన్ వాడారని అధికారి చెప్తుంటే నాకు మాట రాలేదు.

పనివాళ్లందరినీ మలం శాంపిల్ ఇమ్మన్నారు. ఆ డబ్బా పట్టుకుని వెళ్లడమే పెద్ద అవమానం అనుకున్నాను. నాలుగో రోజు ఫోన్: కాటా మీదా, నా శాంపిల్లోనూ సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా! నాకు కనీసం కడుపునొప్పి కూడా లేదు. నా నుంచి కాటాకి అంటిందో, కాటా నుంచి నాకో, అది మాత్రం తేలలేదు.

మందు రాయమని డాక్టర్‌ని బతిమాలాను. లక్షణాలు లేనివాళ్లకి యాంటీబయాటిక్స్ వద్దన్నారు, వేసుకుంటే బ్యాక్టీరియా లోపల ఇంకా ఎక్కువ రోజులు ఉండిపోవచ్చట. మళ్లీ పనిలోకి వెళ్లాలంటే రెండు శాంపిళ్లు నెగెటివ్ రావాలి. మొదటిది వచ్చింది, రెండోది పాజిటివ్. మళ్లీ మొదటికి. ఆ వారాల టెన్షన్‌లో ఇంట్లో గ్లాసు ముట్టుకోవాలన్నా చెయ్యి వెనక్కి పోయేది.

తిరిగి వెళ్లేసరికి షాపులో కాటాలు రెండు, పచ్చిదానికొకటి, వండినదానికొకటి. ఫ్రిజ్‌లో కొత్త థర్మామీటర్, 5 డిగ్రీలు దాటితే రాసిపెట్టాలి. గుడ్డల బదులు పేపర్ రోల్. మొదటి బేరం అయ్యాక చెయ్యి తుడుచుకుందామని భుజం తడుముకున్నాను. ఇప్పటికీ తడుముకుంటూనే ఉంటాను.