రెడీమేడ్ కుర్తీని ఒంటికి సరిపెట్టుకోవడం

కిందటి నెల తిరుపతి గాంధీ రోడ్డులో కొన్న నూలు కుర్తీ భుజాల దగ్గర చక్కగా అమరింది కానీ, నడుము దగ్గర సంచిలా వేలాడింది. నేను ఎప్పుడూ భుజాలు చూసే కొంటాను. పక్క కుట్లు లోపలికి తీయడం సులువే గానీ, భుజం తగ్గించాలంటే చేతులు పూర్తిగా విప్పి మళ్లీ అతకాలి. ఆ కూలికి ఇంకొక కుర్తీ వస్తుందేమో!

నూలు గుడ్డ మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది కనుక, ముందుగా దానిని ఒక రాత్రి నానబెట్టి ఆరేశాను. తర్వాత తిరగేసి తొడుక్కుని, గుండుసూదులు గుచ్చి, సుద్దతో గీత గీశాను. చాలామంది లెక్క తప్పేది ఇక్కడే: ఒక్కొక్క పక్క అర అంగుళం లోపలికి కుడితే, ముందు పొర, వెనక పొర కలిసి చుట్టుకొలతలో మొత్తం 2 అంగుళాలు తగ్గుతుంది.

మా వీధి టైలరు ఆ గీతను చూసి, "చంక కాడ కొంచెం వదులుండనీ అక్కా, చెయ్యెత్తితే పిగిలిపోతాది" అన్నాడు. అందుకే చంక దగ్గర పాత కుట్టునే ఉంచి, అక్కడి నుంచి నడుము దాకా గీతను క్రమంగా లోపలికి వాల్చాము. మిగిలిన గుడ్డను మాత్రం కత్తిరించనివ్వలేదు. రేపు నేను ఒళ్లు చేస్తే, కుట్లు విప్పుకోవాలి కదా.